విశాఖ ఇళ్లలో ఇంటర్నెట్: వేగం సరే, తెగితే అతికేదెవరు?

విశాఖపట్నంలో ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోవాలనుకునే వారికి కంపెనీల పేర్లకు కొదవ లేదు. బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో, యాక్ట్, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఏపీ ఫైబర్‌నెట్ ఉన్నాయి. వీటికి తోడు ఏళ్ల తరబడి టీవీ కనెక్షన్లు నడిపి, ఇప్పుడు నెట్ కూడా ఇస్తున్న పేట స్థాయి కేబుల్ ఆపరేటర్లు ఉన్నారు. పైపైన చూస్తే పోటీకి లోటు లేదనిపిస్తుంది. వేగం సంగతి చెప్పనక్కర్లేదు. పదేళ్ల కిందట కార్యాలయాలకు కూడా గగనమైన వేగం ఇప్పుడు నెలకు అయిదారు వందల రూపాయలకు ఇంటికి వస్తోంది. అయినా నలుగురు కలిసిన చోట నెట్ ప్రస్తావన వస్తే వినిపించే మాట తృప్తి మాట కాదు. ఆ అసంతృప్తి కూడా ఎక్కువగా వేగం గురించి ఉండదు. ‘నిన్న మధ్యాహ్నం పోయింది, ఇంకా రాలేదు’, ‘ఫోన్ చేస్తే రేపు వస్తామంటున్నారు’, ‘మా అపార్ట్‌మెంట్‌కి వేరే వాళ్లు రారట’ అన్న మూడు మాటల చుట్టూనే అది తిరుగుతుంది. వేగం, నిలకడ, ఎంపిక అనే మూడింటినీ ఒకే గాటన కట్టి సంతృప్తిని కొలవడం అలవాటైపోయింది గాని, ఇంట్లో ఉండేవారి అనుభవంలో వాటి బరువు సమానం కాదు. వేగం ఒక హద్దు దాటాక దాని మీద పెట్టే అదనపు ఖర్చుకు ఫలితం తగ్గిపోతుంది. నిలకడకు అలాంటి హద్దు లేదు. ఆ నిలకడ మీద కంపెనీకి శ్రద్ధ ఉంటుందా లేదా అన్నది చివరికి గడప దగ్గర రెండో దారి ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది.

ముందు వేగం సంగతి చూద్దాం. దేశంలో ఏ కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చో చెప్పే కనీస హద్దు 2004లో 256 కేబీపీఎస్, అంటే సెకనుకు 256 కిలోబిట్లు. ఆ తరువాత అది 512 కేబీపీఎస్ అయింది. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు, అంటే సెకనుకు 2 మెగాబిట్లకు పెరిగింది. చట్టం చెప్పే కనీసానికీ, బజారులో అమ్మే 30, 100, 300 ఎంబీపీఎస్ ప్లాన్లకూ మధ్య ఇంత దూరం ఉండటం వల్ల ‘బ్రాడ్‌బ్యాండ్’ అన్న మాటకు వినియోగదారు రక్షణలో పెద్ద విలువ లేకుండా పోయింది. 100 ఎంబీపీఎస్ కొన్న ఇంటికి 10 మాత్రమే వచ్చినా నిర్వచనం ప్రకారం అది బ్రాడ్‌బ్యాండే. ఇక అవసరం వైపు నుంచి లెక్క వేస్తే, మంచి నాణ్యతతో ఒక సినిమా చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్, 4కే నాణ్యతకు 15 నుంచి 25, వీడియో కాల్‌కు మూడు నాలుగు సరిపోతాయి. ఒక గదిలో కొడుకు ఆఫీసు మీటింగులో, మరో గదిలో మనవరాలు ఆన్‌లైన్ ట్యూషన్‌లో, హాల్లో పెద్దవాళ్లు సీరియల్ ముందు ఉన్నా ఆ ఇంటి మొత్తం వాడకం 40 దాటడం అరుదు. కాబట్టి 100 నుంచి 300కు మారడం వల్ల పెద్ద ఫైళ్లు దించుకునే వారికి తప్ప మిగతా వారికి ఒరిగేదేమీ లేదు. చాలా ఇళ్లు అవసరాన్ని కాక అంకెను కొంటున్నాయి.

కొన్న అంకె కూడా చేతికి అందేసరికి మూడు నాలుగు చోట్ల కరిగిపోతుంది. మొదటి తేడా కొలమానంలోనే ఉంది: ప్రకటనలో చెప్పేది మెగాబిట్లు, ఫైలు దిగేటప్పుడు తెర మీద కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు. అది తెలియక మోసపోయామనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండోది రూటర్. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారాక కూడా కంప్యూటర్‌లో 94 దగ్గరే అంకె ఆగిపోతుంటే, రూటర్‌కు ఉన్న పోర్టు పాత 100 ఎంబీపీఎస్ రకమని, లేదా తీగలో జతలన్నీ సరిగ్గా కలవలేదని దాదాపు తేల్చేయవచ్చు. కంపెనీ ప్లాన్ పెంచుతుంది గాని పెట్టె మార్చదు. మూడోది వైఫై. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే: 1, 6, 11. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరవై పేర్లు కనిపించడం మామూలే. ఆ ఇరవై రూటర్లూ ఆ మూడు చానెళ్లనే పంచుకుంటున్నాయన్నమాట. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కాని అది రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. పైగా రూటర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఇంటివారు కాదు, తీగ తెచ్చిన కుర్రాడు. కిటికీ పక్కనో, టీవీ వెనకో, ఇనప బీరువా మీదో తీగ చాలినంత మేర పెట్టి వెళ్లిపోతాడు. పడకగదిలో నెట్ రావడం లేదన్న ఫిర్యాదుల్లో ఎన్నింటికి కంపెనీ బాధ్యత ఉందో, ఎన్నింటికి ఆ పది అడుగుల తీగ బాధ్యత ఉందో విడదీసి చూసే ఓపిక సాధారణంగా ఎవరికీ ఉండదు.

కంపెనీ చేతిలో ఉన్న కారణం మరొకటి ఉంది, దాన్ని మాత్రం విడదీసి చూడాల్సిందే. ఇప్పుడు ఇళ్లకు ఇచ్చే ఫైబర్‌లో ఎక్కువ భాగం జీపాన్ పద్ధతిలో నడుస్తుంది. కంపెనీ కేంద్రం నుంచి బయల్దేరిన ఒక ఫైబర్ పోగు వీధిలో స్ప్లిటర్ అనే చిన్న పెట్టె దగ్గర 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. ఆ ఒక్క పోగు మోసేది దిగువకు, అంటే ఇళ్ల వైపు, సుమారు 2.5 జీబీపీఎస్ (2,500 ఎంబీపీఎస్), ఎగువకు, అంటే ఇళ్ల నుంచి బయటికి, అందులో సగం. 64 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడితే ఒక్కో ఇంటికి వచ్చేది 39 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతోనే అందరికీ 100, 200 అమ్ముతారు. అది తప్పుడు లెక్కేమీ కాదు, అన్ని దేశాల్లోనూ నెట్‌వర్కులు ఇలాగే కడతారు. ఇబ్బంది దాని పై అంచెలో వస్తుంది. వీధి నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే దారిని కంపెనీ ఎంత వెడల్పుగా కొన్నదన్నది వినియోగదారుకు ఎప్పటికీ తెలియదు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వీడియోలు ఆగి ఆగి నడిచి, పొద్దున్న అయిదింటికి అదే ఇంట్లో అదే పెట్టె మీద వేగం పరుగులు తీస్తోందంటే లోపం ఇంట్లో లేదు, ఆ దారిలో ఉంది. ఒక పెద్ద కంపెనీ దగ్గర కొంత బ్యాండ్‌విడ్త్ (డేటా మోసే సామర్థ్యం) కొని పేటలో పంచే చిన్న ఆపరేటర్ల దగ్గర ఇది మరీ తేలిగ్గా బయటపడుతుంది, ఎందుకంటే కనెక్షన్లు పెరిగినంత జోరుగా వారు కొనుగోలు పెంచరు. స్పీడ్ టెస్ట్ కూడా దీన్ని పూర్తిగా పట్టుకోలేదు. ఆ పరీక్ష సాధారణంగా దగ్గరలో ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది; చాలాసార్లు ఆ సర్వర్ కంపెనీ సొంత నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. వీధి లోపల పరుగెత్తి చూపించిన అంకెను బట్టి ఊరు దాటాక దారి ఎలా ఉందో చెప్పలేం.

దూరం వల్ల కలిగే ఆలస్యం ఇంకో విషయం. గాజుపోగులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే ప్రతి వంద కిలోమీటర్లకు రానూపోనూ ఒక మిల్లీసెకను. విశాఖ నుంచి చెన్నై తిన్నగా కొలిస్తే సుమారు 600 కిలోమీటర్లు. ఏ కంపెనీ ఎంత బాగా కట్టినా అక్కడి సర్వర్‌ను తాకి రావడానికి ఆరు మిల్లీసెకన్లకు తక్కువ పట్టదు, నిజంగా వేసిన తీగ తిన్నగా ఉండదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. సినిమా చూసేవారికి ఇది లెక్కలోకి రాదు. ఆటలు ఆడే కుర్రవాళ్లకు మాత్రం వస్తుంది.

ఇక నిలకడ. కంపెనీలు గొప్పగా చెప్పుకునే 99 శాతం అన్న మాటను గంటల్లోకి మార్చి చూస్తే దాని బండారం బయటపడుతుంది. నెలకు 720 గంటల్లో ఒక శాతం అంటే ఏడు గంటల పన్నెండు నిమిషాలు. అది తెల్లవారుజామున ముక్కలు ముక్కలుగా పోతే ఎవరికీ పట్టదు. అదే ఏడు గంటలూ ఒక సోమవారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వరసగా పోతే, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి ఒక రోజు సెలవు పోయినట్టే. రుషికొండ కొండల మీద ఐటీ కార్యాలయాలు పెరిగి, హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు విశాఖ ఇంటి నుంచే పనిచేసేవారు పెరిగాక, సగటు శాతాలకు అర్థం తగ్గిపోయింది. అంతరాయం ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కొక్కటి ఎంతసేపు ఉంది, ఏ వేళకు వచ్చింది అన్న మూడూ కలిపి చెబితే తప్ప నిలకడ అంటే ఏమిటో తెలియదు. కంపెనీలు ఈ మూడింటినీ కలిపి చెప్పవు.

విశాఖలో అంతరాయాలకు మూలం చాలావరకు స్తంభాల మీదే ఉంది. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువ భాగం కరెంటు స్తంభాలకు చుట్టుకుని, ఒక మేడ మీద నుంచి మరో మేడ మీదకు వేలాడుతూ వస్తుంది. రోడ్డు తవ్వి వేయడం కంటే అది ఎన్నో రెట్లు చౌక. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ఫోను, టీవీ, నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల ప్రాథమిక ప్లాన్‌తో మొదలు కాగలిగిందంటే కారణం కరెంటు స్తంభాల మీదుగా రాష్ట్రమంతా తీగ లాగడమే. ఆ చౌక ధరకు మరో ధర ఉందని విశాఖకు అంతకు మూడేళ్ల ముందే తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని నేరుగా తాకినప్పుడు స్తంభాలు వేలల్లో ఒరిగిపోయి, కరెంటూ ఫోనూ కూడా రోజుల తరబడి లేకుండా పోయాయి. ఆ అనుభవంతోనే ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల కరెంటు తీగలను భూమిలోకి దించారు. ఇంటర్నెట్ తీగలకు మాత్రం ఆ భాగ్యం అంతగా కలగలేదు. తీర నగరం కావడం వల్ల మరో చిక్కు కూడా ఉంది. బీచ్ రోడ్డుకు దగ్గరి వీధుల్లో ఉప్పుగాలికి ఇనుప బిగింపులు, పెట్టెల మూతలు తుప్పు పట్టి వదులవుతాయి. వానాకాలంలో ఆ సందుల్లోంచే నీరు దిగుతుంది.

వేలాడే తీగకు చట్టపరమైన స్థిరత్వం కూడా తక్కువే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక, అక్కడి విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను తెగనరికే పని మొదలుపెట్టింది. ఎన్నో కాలనీల్లో ఇంటర్నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అలాంటి పరిస్థితి విశాఖలో రాకూడదని రాసిపెట్టి లేదు. దారి హక్కుకు సంబంధించి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అవి రోడ్ల వెంట, ప్రభుత్వ స్థలాల్లో తీగ వేసే అనుమతులను సులువు చేయడానికి ఉద్దేశించినవి. ఇప్పటికే అనుమతి ఉందో లేదో తెలియకుండా వేలాడుతున్న గుత్తులను ఎవరు చక్కబెడతారన్నది వేరే సంగతి.

తీగ పూర్తిగా తెగితే గుర్తించడం తేలిక. గోడకు బిగించిన తెల్లపెట్టె మీద ‘లాస్’ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంది. కష్టమంతా తెగీ తెగని తీగతోనే. మరమ్మతుకు వచ్చిన టెక్నీషియన్ ఫైబర్ కొసను పెట్టెలోంచి ఊడదీసి, అరచేతిలో పట్టేంత పవర్ మీటర్‌కు గుచ్చి, అందుతున్న కాంతి బలాన్ని చెప్పే ఒక అంకె చదువుతాడు. మైనస్ 19, మైనస్ 21 అంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మైనస్ 27 దగ్గరకు చేరితే పెట్టెకు కాంతి అందుతున్నా అందనట్టే. కాంతి సగానికి తగ్గిన ప్రతిసారీ ఈ అంకె మూడు మెట్లు దిగుతుంది. 64 ఇళ్లకు చీల్చే స్ప్లిటర్ ఒక్కటే ఇరవై మెట్లు దించుతుంది. ఆపై గుమ్మం మూల దగ్గర తీగ మడత పడినా, కొసలో దుమ్ము చేరినా, వీధి మలుపులో తొందరగా వేసిన అతుకు సరిగా కుదరకపోయినా మరో రెండు మూడు పోతాయి. మైనస్ 26 దగ్గర ఉన్న ఇంట్లో పొడి వాతావరణంలో నెట్ బాగానే నడుస్తుంది, స్పీడ్ టెస్ట్‌లో నూటికి నూరూ వస్తుంది. ఒక వాన పడి అతుకులో తేమ చేరగానే పది నిమిషాలకోసారి పోయి వస్తుంటుంది. టెక్నీషియన్ వచ్చే వేళకు ఎండ కాస్తుంది, అంతా సవ్యంగా కనిపిస్తుంది, ఫిర్యాదు టికెట్ మూసేస్తారు. అందుకే మరమ్మతుకు వచ్చినవారిని నెట్ వచ్చిందా అని కాక, మీటర్‌లో ఎంత చూపించింది అని అడగాలి. చాలా పెట్టెల్లో ఆ అంకె సెట్టింగుల పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ పేరుతో ఇంటివారికీ కనిపిస్తుంది. నెలకోసారి రాసిపెట్టుకుంటే లైను ఎప్పుడు దిగజారడం మొదలైందో తెలిసిపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్నది కూడా తీగ రకాన్ని బట్టే ఉంటుంది. జీపాన్ స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. కాబట్టి వీధి మొత్తం చీకటైనా ఇంట్లో పెట్టెకు చిన్న యూపీఎస్ ఉంటే నెట్ నడుస్తూనే ఉంటుంది. పాత పద్ధతిలో కొందరు స్థానిక ఆపరేటర్లు అపార్ట్‌మెంట్ మేడ మీదో మెట్ల కిందో నెట్‌ను పంచే స్విచ్ అనే పెట్టె పెట్టి, అక్కడి నుంచి ఫ్లాట్లకు మామూలు ల్యాన్ తీగ (రాగి తీగ) లాగుతారు. అక్కడ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు, మేడ మీది స్విచ్‌కు కరెంటు పోతే అందరికీ నెట్ పోతుంది. కనెక్షన్ తీసుకునే ముందు ఇంట్లోకి వచ్చేది ఫైబరా, ల్యాన్ తీగా అని అడగడం ప్లాన్ వేగం అడగడం కంటే ముఖ్యం.

ఇంతకీ తెగిన తీగను అతికేదెవరు? ప్రకటనల్లో కనిపించే పెద్ద కంపెనీ కాదు. పేటకో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లున్న ఒక ఫ్రాంచైజీయో, కేబుల్ ఆపరేటరో, కాంట్రాక్టు సంస్థో ఆ పని చూస్తుంది. ఒక గట్టి గాలివాన తరువాత రెండు వందల ఫిర్యాదులు ఒకేసారి వస్తే ఆ ముగ్గురూ ముందు ఎవరింటికి వెళ్తారన్నది పరిచయాల మీదా, వీధి దగ్గరతనం మీదా ఆధారపడుతుంది. ఒకే కంపెనీ గురించి మురళీనగర్‌లో ఒకరు మెచ్చుకుంటూ, గోపాలపట్నంలో మరొకరు దుమ్మెత్తిపోస్తూ ఉంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారని అర్థం. సలహా అడగాల్సింది పక్కింటివారినే గాని, ఊరి అవతల ఉన్న బంధువును కాదు.

నిబంధనలు లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు పెట్టిన నియమాల్లోనే, ఫిర్యాదు మూడు పని దినాలు దాటి ఏడు లోపు అపరిష్కృతంగా ఉంటే వారం అద్దె, ఏడు నుంచి పదిహేను మధ్య ఉంటే పదిహేను రోజుల అద్దె, అదీ దాటితే నెల అద్దె తగ్గించాలని రాశారు. 2024 అక్టోబరు నుంచి మొబైల్, ల్యాండ్‌లైన్, బ్రాడ్‌బ్యాండ్ మూడింటికీ కలిపి కొత్త నాణ్యతా నియమాలు అమల్లోకి వచ్చాయి. ఈ తగ్గింపు విలువ ఎంతో చూస్తే నవ్వొస్తుంది: 399 రూపాయల ప్లాన్‌కు వారం అద్దె 93 రూపాయలు. అంతకంటే పెద్ద లొసుగు గడియారంలో ఉంది. రోజుల లెక్క ఫిర్యాదు నంబరు పుట్టినప్పుడు మొదలై అది మూసినప్పుడు ఆగుతుంది. నెట్ రాకుండానే ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అన్న సందేశం ఫోన్‌కు వచ్చి, మళ్లీ ఫిర్యాదు చేస్తే కొత్త నంబరు ఇస్తే, నాలుగు రోజుల అంతరాయం కాగితం మీద రెండేసి రోజుల రెండు అంతరాయాలవుతుంది. అప్పుడు తగ్గింపూ లేదు, లెక్కల్లో మచ్చా లేదు.

లెక్కల విషయంలో విశాఖకు మరో ప్రత్యేక నష్టం కూడా ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం లైసెన్సుల దృష్టిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం. సర్కిల్ స్థాయిలో వచ్చే నాణ్యతా సగటుల్లో మల్కాపురం, మాదాపూర్ ఒకే అంకెలో కలిసిపోతాయి. ప్రైవేటు స్పీడ్ టెస్ట్ సంస్థల నగర ర్యాంకింగులకు వేరే లోపం: నెట్ లేని వేళలో ఎవరూ స్పీడ్ టెస్ట్ చేయలేరు. అంతరాయం ఎంత పొడుగైతే అంత కచ్చితంగా అది సగటు నుంచి తప్పించుకుంటుంది.

ఎంపిక విషయానికి వస్తే, నగరంలో ఎన్ని కంపెనీలు ఉన్నాయన్నది అసలు ప్రశ్నే కాదు. ఒక్కో గడప దాకా ఎన్ని తీగలు వచ్చాయన్నదే ప్రశ్న. ద్వారకానగర్, అక్కయ్యపాలెం వంటి పాత, చిక్కని పేటల్లో స్తంభం నిండా తీగలే కాబట్టి మూడు నాలుగు దారులు దొరకడం కష్టం కాదు. మధురవాడ, పీఎంపాలెం వైపు లేచిన పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాల్లో కట్టడం కొత్తదైనా ఎంపిక తక్కువగా ఉండవచ్చు. బిల్డరో అసోసియేషనో ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుని, లోపలి గొట్టాల్లో వేరొకరి తీగకు చోటు ఇవ్వకపోతే, గేటు బయట ఎన్ని కంపెనీల వ్యాన్లు తిరిగినా లోపలివారికి ఒకటే గతి. ఫ్లాటు కొనేటప్పుడు లిఫ్టు కంపెనీ పేరు అడిగేవారు కూడా ఈ సంగతి అడగరు. 2024 అక్టోబరులో ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి నక్షత్రాలు ఇచ్చే నియమాలు తెచ్చింది. రేటింగ్ తీసుకోవడం యజమాని ఇష్టం కాబట్టి, కొనేవారు అడగడం మొదలుపెట్టేదాకా అది కాగితం మీదే ఉంటుంది. ఆరిలోవ, కంచరపాలెం వైపు కొండవాలు ఇళ్లది మరో రకం ఇబ్బంది. మెట్ల దారిలో స్తంభాలు తక్కువ, లాగాల్సిన తీగ ఎక్కువ, వచ్చే కనెక్షన్లు కొన్నే. పెద్ద కంపెనీలు లెక్క కట్టి వదిలేసిన చోట స్థానిక కేబుల్ ఆపరేటరే దిక్కు.

రెండు పేర్లు కనిపించినంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. ఒకే ఆపరేటర్ రెండు బ్రాండ్లు అమ్మవచ్చు. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభాల వరస మీద రావచ్చు. లారీ తగిలి ఆ స్తంభం ఒరిగితే రెండూ ఒకేసారి పోతాయి. ముందుజాగ్రత్తగా రెండో కనెక్షన్ పెట్టించుకునేవారు చూడాల్సింది ధర కాదు, తీగ ఏ దిక్కు నుంచి వస్తోంది అన్నది. 2023 నుంచి ఎయిర్‌టెల్, జియో మొదలుపెట్టిన 5జీ ఎయిర్‌ఫైబర్ సేవలకు అసలు విలువ ఇక్కడే ఉంది. మేడ మీద బిగించిన పరికరం టవర్‌తో నేరుగా మాట్లాడుతుంది కాబట్టి వీధి స్తంభాలతో దానికి పని లేదు. కొండవాలు ఇళ్లకు ఎదురుగా టవర్ కనిపిస్తే అది వరమే, కొండ అడ్డం వస్తే దండగే. వీధిలో వాడేవారు పెరిగేకొద్దీ సాయంత్రం వేగం ఊగిసలాడుతుంది, ఎగువకు వెళ్లే వేగం ఫైబర్ అంత ఉండదు. ప్రధాన కనెక్షన్‌గా కంటే ఫైబర్ తెగిన రోజున ఆదుకునే రెండో దారిగా అది మెరుగు. అంత ఖర్చు వద్దనుకునే ఇంటికి వేరే కంపెనీ సిమ్ ఉన్న ఒక ఫోన్ హాట్‌స్పాట్ చాలు, కాకపోతే ఆ సిమ్ ఫైబర్ ఇచ్చే కంపెనీది కాకుండా చూసుకోవాలి.

రెండో తీగ ఉన్న ఇళ్లలో కూడా కంపెనీ మారడం సులువు కాదు. మొబైల్ నంబరును అలాగే ఉంచుకుని కంపెనీ మారే వీలు దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది. ఇంటి ఇంటర్నెట్‌కు అలాంటిదేమీ లేదు. మారడమంటే గోడకు కొత్త రంధ్రం, కొత్త పెట్టె, కొత్త వైఫై పేరు, ఇంట్లో అన్ని పరికరాలకూ మళ్లీ పాస్‌వర్డ్. వాటన్నిటికంటే గట్టి బంధం ముందస్తు చెల్లింపు. ఏడాదికి కడితే నెల ఉచితం, ఆరు నెలలకు కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అన్న ఆఫర్లలో వినియోగదారుకు మిగిలేది కొన్ని వందలు, వదులుకునేది అలిగి వెళ్లిపోయే హక్కు. డబ్బు ముందే చేతికందిన కంపెనీకి మూడో రోజు మరమ్మతుకు మనిషిని పంపాలన్న తొందర ఎందుకుంటుంది? కొత్త కనెక్షన్‌కు మొదట నెలవారీ ప్లాన్ తీసుకుని, కనీసం ఒక వానాకాలం గడిచాక ఏడాది ప్లాన్ ఆలోచించడం మేలు. ధర పోల్చేటప్పుడు ప్రకటనలోని 399 మీద 18 శాతం జీఎస్టీ కలిసి 471 అవుతుందని, ‘ఉచితంగా’ ఇచ్చిన రూటర్‌ను కనెక్షన్ మానుకున్నప్పుడు తిరిగి ఇవ్వాలని, ‘అన్‌లిమిటెడ్’ ప్లాన్లలో కూడా చాలావాటికి నెలకు 3,300 జీబీ వంటి హద్దు ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆ చివరి హద్దును మామూలు కుటుంబం దాటడం కల్ల, దాని గురించి దిగులు అక్కర్లేదు.

విశాఖకు సముద్ర కేబుళ్లు వస్తున్నాయి కదా, ఇక నెట్‌కు ఢోకా ఉండదన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ ఏఐ డేటా సెంటర్ కేంద్రాన్ని, దానితోపాటు అంతర్జాతీయ సముద్ర కేబుల్ ముఖద్వారాన్ని ప్రకటించింది. సిఫీ సంస్థ కూడా అదే నెలలో కేబుల్ ల్యాండింగ్ స్టేషన్‌కు శంకుస్థాపన చేయించింది. ఇంతవరకు తూర్పు తీరంలో విదేశీ కేబుళ్లకు చెన్నైయే ప్రధాన రేవు కాబట్టి, ఇంకో దారి ఏర్పడటం దేశానికీ నగరానికీ మంచిదే. కొన్ని సేవలు ఇంకాస్త దగ్గర నుంచి అందవచ్చు. అయితే ఈ నగరంలో ఇళ్లకు నెట్ పోవడానికి కారణం సముద్రం అడుగున లేదు. తీరానికి వచ్చిన కేబుల్ ఎంత లావుదైనా గాజువాకలో ఒక సందు చివరి స్ప్లిటర్ మూత ఊడి నీళ్లు దిగితే ఆ 64 ఇళ్లకూ ఒరిగేది ఏమీ ఉండదు.

అన్ని దారులూ మూసుకున్నప్పుడు మిగిలేది ఫిర్యాదు. కంపెనీ కాల్ సెంటర్ ఇచ్చే డాకెట్ నంబరుతో (ఫిర్యాదు నంబరుతో) అది మొదలవుతుంది. గడువులో పరిష్కారం కాకపోతే ముప్పై రోజుల్లో అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు, వారు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను స్వయంగా విచారించదు, ఆ సంగతి తెలియక నేరుగా ట్రాయ్‌కు రాసి నెలలు పోగొట్టుకునేవారున్నారు. టెలికాం శాఖకు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీపీగ్రామ్స్ పోర్టల్ ద్వారా చేసే ఫిర్యాదు చాలాసార్లు కంపెనీ పై అధికారుల బల్ల మీదకు చేరుతుంది కాబట్టి ఆచరణలో అదే తొందరగా పనిచేస్తుంది. టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న పాత వాదనను 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అందువల్ల విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తట్టవచ్చు. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అక్కడ నిలిచేది సాక్ష్యమే: నెట్ రాకుండానే మూసిన ప్రతి డాకెట్ సందేశాన్ని చెరిపేయకుండా దాచుకోవాలి, మూసినట్టు సందేశం వచ్చిన నిమిషంలోనే పెట్టె మీద ఎర్ర దీపాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోవాలి, ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ అదే విషయాన్ని ఈమెయిల్‌లో కూడా రాయాలి.